ఆరో గిన్నె

రంజాన్ పండగ సెలవుల తర్వాత క్లినిక్ తెరిచిన మొదటి రోజు అది, మంగళవారం. ఉదయం తొమ్మిదింటికల్లా ఫర్హా వచ్చి కుర్చీలో కూర్చుంది. కుర్తా చేతులు పైకి మడిచి, రెండు ముంజేతులూ బల్ల మీద చాపింది. వాటిని చూసి రత్నకుమార్ ప్రాణం ఉసూరుమంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా మెహందీ. తీగలు, నెమళ్ళు, మామిడి పిందెలు, మధ్యలో సన్నటి వల. వక్క రంగులో బ్రహ్మాండంగా పండింది. గోరు ఆనించేంత ఖాళీ చర్మం కూడా మిగల్లేదు.

"బాగా పండిందమ్మా," అన్నాడు ముందు. అది అబద్ధం కాదు. "ఎప్పుడు పెట్టుకున్నావు?"

"చాంద్ రాత్ నాడు అంకుల్, పండగ ముందు రాత్రి. మా అక్క మహెక్ ఆపా పెట్టింది. నాలుగు గంటలు నన్ను కదలనియ్యలే. మంచినీళ్ళు కూడా మా అమ్మీ తాగించింది."

వెనక నిలబడ్డ నర్సు సుసన్న, చేతిలోని మార్కింగ్ పెన్నుకు మూత పెట్టేసింది. ఆ చిన్న టిక్కుమన్న శబ్దానికి ఫర్హా తలెత్తి ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏమైంది అంకుల్?"

"ఏం కాలేదు. రెండు నిమిషాలు బయట కూర్చో తల్లీ. నాన్నగారి దగ్గర."

రత్నకుమార్‌ది పాలకొల్లు. కెమిస్ట్రీతో డిగ్రీ చేసి, కొన్నాళ్ళు భీమవరం దగ్గర రొయ్యల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, పంతొమ్మిదేళ్ళ క్రితం దోహా వచ్చాడు. ఇప్పుడు అల్ సద్‌లో ఈ ఎలర్జీ క్లినిక్‌లో ట్రయల్ కోఆర్డినేటర్. కొత్త మందుల పరీక్షలో చేరినవాళ్ళకు తారీఖులు చెప్పడం, వాళ్ళ కాగితాలు రాయడం, జంకేవాళ్ళ పక్కన కాసేపు కూర్చోవడం అతని పని. మూడో పని జీతంలో రాయలేదు గానీ, అతను బాగా చేసేది అదే. భార్య తెరెసా పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ మరీ మెత్తబడ్డాడని చర్చిలో అందరూ అంటారు.

ఫర్హాకు పల్లీలు పడవు. పడవంటే ఒళ్ళు దురదపెట్టి ఊరుకోవడం కాదు. అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బోధన్‌లో బంధువుల పెళ్ళికి వెళ్తే, ఎవరో ముద్దుచేసి మిర్చీ కా సాలన్‌లో అద్దిన రొట్టె ముక్క నోట్లో పెట్టారు. సాలన్‌లో పల్లీలుంటాయని తెలియని తెలంగాణ మనిషి ఉండడు. పల్లీలు పడని పిల్ల ఉంటుందని మాత్రం ఆ పెళ్ళిలో ఎవరికీ తెలియదు. నిమిషాల్లో మొహం ఉబ్బి, గొంతు మూసుకుపోయింది. తండ్రి నిసార్ అహ్మద్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని ఆస్పత్రికి చేరాడు. బతికింది. పదమూడేళ్ళయింది. ఆనాటి నుంచి వాళ్ళ ఇంట్లో పల్లీ గింజ లేదు. పల్లీ చట్నీ ఉండే పెళ్ళిళ్ళకు వెళ్ళడం లేదు. అంటే ఏ పెళ్ళికీ వెళ్ళడం లేదు.

ఇప్పుడు ఆ పిల్ల పన్నెండో తరగతి పరీక్షలు రాసింది. హైదరాబాదులో ఫార్మసీ కాలేజీలో చేరాలని ఉంది. హాస్టల్లో ఉండి చదవాలి. నిసార్ అహ్మద్ ఒకటే మాటన్నాడు: "ఈ ట్రయల్ల ఆఖరు టెస్టు పాసైతె పో. లేకుంటె ఇక్కడ్నే ఏదన్న ఆన్‌లైన్ కోర్సు చెయ్యి." ఇంట్లో దానిమీద మళ్ళీ మాట లేదు.

ఆరు నెలల క్రితం చేరినరోజు ఆ మందేమిటో రత్నకుమార్ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పల్లీలోని ప్రోటీను పొడుగాటి దండలాంటిది. అందులో మన ఒంటి కాపలా కణాలు పోల్చుకునే చోట్లను ఏరి, అంతవరకే చిన్న చిన్న తునకలుగా ప్రయోగశాలలో కట్టి, టీకాగా చేశారు. పెప్టైడులంటే ఆ తునకలే. గింజ పిండి తీసినవి కావు.

"అర్థమైందా అండీ?"

"సగం అయింది సార్," అన్నాడు నిసార్ అహ్మద్ మొహమాటంగా.

"సరే. మీ ఇంట్లో ఒక కుక్క ఉందనుకోండి."

"మా ఇండ్లల్ల కుక్కను పెట్టుకోం సార్."

"పోనీ, మా ఇంట్లో ఉందనుకోండి. కొత్తల్లుడు వచ్చాడు. చూడగానే మీదపడి కరిచింది. మనిషిని ఎన్నిసార్లు ఎదురుగా నిలబెట్టినా కరుస్తుంది. అందుకని ఏం చేస్తాం? ఒకరోజు అతని తువ్వాలు దాని ముందు పడేస్తాం. ఇంకోరోజు చెప్పు. ఇంకోరోజు జేబురుమాలు. వాసన చూస్తుంది. కరవడానికి మనిషి లేడు. అలా కొన్నాళ్ళకి, ఓహో ఇది మనింటి వాసనే అనుకుంటుంది. ఈ తునకలు ఆ తువ్వాలూ చెప్పూ లాంటివి. పల్లీయేమో అల్లుడు."

"అల్లునికి ఇంక టైముంది సార్. పోరి చదువుకోవాలె," అన్నాడు నిసార్ అహ్మద్. ఫర్హా నవ్వింది. ఆ నవ్వుతోనే సంతకం పెట్టింది.

నెలకొక సూది చొప్పున ఆరు పడ్డాయి. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో క్లినిక్‌లో ఎవరికీ తెలియదు. ట్రయల్ మొత్తం ముగిశాకే తెలుస్తుంది. ఆరు సూదుల తర్వాత ఆఖరు పరీక్ష మూడు రోజులు. మొదటి రోజు చర్మ పరీక్ష: ముంజేతి మీద పల్లీ సారం చుక్క వేసి, సన్నగా గుచ్చి, లేచిన దద్దురు కొలుస్తారు. తర్వాతి రెండు రోజులు పల్లీ తినిపించే పరీక్ష. మొత్తం ఈ గురువారంలోగా అయిపోవాలి. గురువారం దాటితే గడువు పోయినట్టే, ఫర్హా ట్రయల్‌లో లేనట్టే.

పరీక్షకు ముందు పదిరోజులు చేతులకు ఏమీ రాయకూడదు. ఆ సంగతి ఇంగ్లీషు కాగితంలో ఒక్క ముక్కలో ఉంది. రత్నకుమారే దాన్ని తెలుగులోకి రాసి, అందరికీ తెలియాలని విడమరిచి పెట్టాడు. నూనె, క్రీము, పౌడరు, బామ్, ఆయింట్‌మెంట్, సెంటు. ఆఖర్న "అత్తరు" అని చేర్చి, అన్నీ గుర్తుపెట్టుకున్నానని కాస్త సంతోషపడ్డాడు కూడా. మెహందీ రాయలేదు. రంజాను అయిపోతూండగా ఇచ్చే కాగితంలో, పండగ ముందురాత్రి ఊళ్ళో ఆడపిల్లలంతా చేతులు చాచి కూర్చుంటారని తెలిసుండి కూడా, అతనికి తట్టలేదు.

తెరెసా ఉంటే తట్టేది. ఏది రాసినా ఆమెకు చదివి వినిపించడం అతని అలవాటు. ఆమె వంటింట్లోంచే, తిరిగి చూడకుండా, "అది వదిలేశారు చూడండి" అనేది. పాస్టరుగారి భార్య ఓరగా చూసినా సరే, ఆషాఢంలో పక్కింటి చెట్టు గోరింటాకు కోసుకొచ్చి రుబ్బి పెట్టుకునే మనిషి. ఈ మూడేళ్ళలో ఆమె లేక వంటలో ఉప్పు తప్పింది, బట్టల ఇస్త్రీ తప్పింది. కాగితం తప్పడం ఇదే మొదటిసారి.

"అన్నయ్యగారూ," అంది సుసన్న తలుపు దగ్గరగా వేసి. ఆమెది గుడివాడ. చర్చిలోనూ ఇక్కడా అతన్ని అన్నయ్యగారనే పిలుస్తుంది. "దద్దురు లేస్తే చేతికి తగులుతుంది కదా. ఎర్రదనం కనపడకపోతే పోనీండి. తడిమి, అంచులు చూసుకుని స్కేలు పెట్టి కొలిచేద్దాం. ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుందండీ?"

"నీకు తెలుస్తుంది, నాకు తెలుస్తుంది."

"మనిద్దరం పిల్ల మంచికే కదా చేసేది."

రత్నకుమార్ ఫైల్లోంచి రేపటి కాగితం తీశాడు. ఆ ఆలోచన అతనికీ రాకపోలేదు. "ఆ కొలత చూసుకునే కదమ్మా, రేపు మొదటి గిన్నెలో ఎంత పల్లీ వెయ్యాలో లెక్క కట్టేది. దద్దురు పెద్దదైతే తక్కువ నుంచి మొదలుపెట్టాలి. మనం తడుముకుని చిన్న అంకె వేస్తే, రేపు ఆ పిల్ల గొంతులోకి ఎక్కువ పోతుంది."

సుసన్న పెన్ను జేబులో పెట్టుకుంది. "నేను అంత దూరం ఆలోచించలేదండి."

"నేను కాగితం రాసినప్పుడు ఆలోచించానా? పద, డాక్టరుగారికి చెబుదాం."

బయట వరండాలో అప్పటికే నిసార్ అహ్మద్ గొంతు వినిపిస్తోంది. మెహందీ చూసి ఆగిపోయారని ఫర్హా చెప్పేసినట్టుంది. అల్ హిలాల్‌లోని విల్లాలకు ఏసీలు బాగుచేసే కంపెనీలో అతను సూపర్‌వైజరు. మామూలుగా గొంతు పెంచని మనిషి.

"పదమూడేండ్లు! పదమూడేండ్లు ఆగినదానివి, పది రోజులు ఆగలేకపోయినవా? మెహందీ లేకుంటె ఈద్ రాదా? ఆ మహెక్‌కు ఎట్లనూ బుద్ధి లేదు, నీకన్న ఉండొద్దా?"

ఫర్హా తల వంచుకుని, దుపట్టా కొంగుతో చేతులు కప్పుకుని కూర్చుంది.

"నిసార్ భాయ్, ఆగండి," అన్నాడు రత్నకుమార్. "తప్పు పిల్లది కాదు. నాది. నేనిచ్చిన కాగితం ఉందా మీ దగ్గర?"

నిసార్ అహ్మద్ ఫైల్లోంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచాడు.

"చదవండి. మెహందీ అని ఎక్కడైనా ఉందా?"

అతను వేలుపెట్టి వరస వరసా చదివాడు. "అత్తరు దాక ఉన్నది. మెహందీ లేదు."

"అదే. రాయాల్సింది నేను. రాయలేదు. మీరు రాసినవన్నీ పాటించారు."

నిసార్ అహ్మద్ కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచాడు. కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు దాన్నే చూశాడు. "మీరు చెప్పకపోతె సాయంత్రం దాక దీన్నే తిట్టేటోణ్ణి సార్," అన్నాడు చివరికి. కూతురి వైపు తిరగకుండానే, పక్క కుర్చీలో కూర్చుని, తన వాటర్ బాటిల్ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె తీసుకుని తాగింది. వాళ్ళ మధ్య క్షమాపణలు అలాగే జరుగుతాయేమో అనుకున్నాడు రత్నకుమార్.

డాక్టర్ సుభాషిణి మాటల మనిషి కాదు. విషయం విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ తెలుగు కాగితం ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది?"

"పదకొండు మేడమ్."

"ఆఖరు పరీక్ష ఈ వారం ఎవరెవరికి?"

"ఫర్హా ఒక్కర్తికే. తక్కినవాళ్ళకు ఇంకా నెల ఉంది."

"బతికిపోయాం. వాళ్ళందరికీ ఈ రోజే ఫోన్లు చేసి చెప్పండి. కాగితం మార్చండి. ట్రయల్ ఆఫీసుకి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎవరు పొరపాటు చేశారో కూడా."

"నా పేరే రాస్తాను మేడమ్."

"రాయండి. కానీ ఉత్త తప్పు రాస్తే వాళ్ళు ఉత్త సారీ రాస్తారు. దారి కూడా మనమే చూపించాలి. రూల్స్ పుస్తకం తియ్యండి."

నూట నలభై పేజీల పుస్తకం. సుసన్న ముందునుంచి, రత్నకుమార్ వెనకనుంచి తిప్పడం మొదలుపెట్టారు. అరవైమూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో అది దొరికింది. ముంజేతుల మీద పచ్చబొట్లు, మచ్చలు, కాలిన గుర్తులు ఉన్నవారికి, ముందుగా అనుమతి తీసుకుని, వీపు పైభాగంలో చర్మ పరీక్ష చేయవచ్చు. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో, చేతినిండా పచ్చబొట్లున్న ఒక మనిషిని తలుచుకుని ఆ రెండు వాక్యాలు రాసిపెట్టారు. ఆ ముక్కూమొహం తెలియనివాళ్ళకు రత్నకుమార్ మనసులోనే వందనాలు చెప్పుకున్నాడు.

"మెహందీ కూడా పదిహేను రోజుల పచ్చబొట్టే కదండీ," అంది సుసన్న.

ఉత్తరం పదింబావుకు వెళ్ళింది. ఆఫీసు యూరప్‌లో ఉంది. అక్కడ ఇంకా జనం కాఫీ కూడా తాగి ఉండరు. ఇక చెయ్యాల్సింది కూర్చోవడమే.

నిసార్ అహ్మద్‌కు కంపెనీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి, "ఈ రోజు నేను మాఫీ. అవును, మొత్తానికే మాఫీ," అని, రానని అరబ్బీ మాటలో తేల్చి పెట్టేశాడు. మధ్యాహ్నం సుసన్న తన డబ్బాలోని పులిహోర తెచ్చి, మూత తియ్యకముందే ఆగిపోయింది. "అయ్యో, ఇందులో పల్లీలున్నాయి," అని డబ్బా పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. వెళ్ళి చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చింది. ఆ రోజు మొదటిసారి ఫర్హా నవ్వింది.

"అలవాటే ఆంటీ. నన్ను చూస్తే అందరూ టిఫిన్లు దాచుకుని ఉరుకుతరు. మా క్లాసుల నాకు 'పల్లీ పోలీస్' అని పేరు."

"హాస్టల్లో కూడా అలాగే పరిగెత్తిస్తావా?" అన్నాడు రత్నకుమార్.

నవ్వు ఆగింది. "పోనిస్తె కద అంకుల్," అంది మెల్లగా, తండ్రికి వినపడకుండా. "హాస్టల్ ఫారం నింపి పెట్టుకున్న. పంపుడే మిగిలింది."

మూడున్నరకు జవాబు వచ్చింది. వీపు మీద చేయవచ్చు. చోటు మారింది కాబట్టి ఆ కొలతను మొదటి కొలతతో పోల్చరు. తినిపించే పరీక్షలో మొదటి మోతాదు తేల్చుకోవడానికి మాత్రం వాడుకోవచ్చు. ఆఖర్న, నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు, సరిదిద్దిన కాగితం ప్రతి పంపించగలరు అని ఉంది. రత్నకుమార్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఉద్యోగం గురించి తనకు ఇంత భయం ఉందని అది తీరినప్పుడే తెలిసింది.

నాలుగింటికి సుసన్న ఫర్హాను లోపలికి తీసుకువెళ్ళి వీపు మీద పరీక్ష చేసింది. దద్దురు ఆరు మిల్లీమీటర్లు. ఆరు నెలల క్రితం చేతి మీద పన్నెండు. పోల్చకూడదని రాశారు గనక ఎవరూ పోల్చలేదు. కానీ ఆ అంకె రాస్తున్నప్పుడు సుసన్న చెయ్యి చకచకా కదిలింది.

బుధవారం పొద్దున మందుల గదిలోంచి ఆరు చిన్న స్టీలు గిన్నెలు వచ్చాయి. అన్నిట్లోనూ చాక్లెట్ కస్టర్డే. దాన్ని కలిపేది నారాయణప్ప అనే ఫార్మసిస్టు. అనంతపురం మనిషి. రెండు రోజుల్లో ఒకరోజు గిన్నెల్లో పల్లీ పొడి ఉంటుంది, ఒకరోజు ఉత్త కస్టర్డే. ఏ రోజు ఏదో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అతను ఆ రెండు రోజులూ డాక్టరుకైనా మొహం చూపించడు, మొహంలో తెలిసిపోతుందని. మొదటి గిన్నెలో ఇసుక రేణువంత, రెండో దాంట్లో దానికి మూడింతలు, అలా పెంచుకుంటూ పోతే ఆరో గిన్నెలో రెండు నిండు పల్లీలంత. గిన్నెకూ గిన్నెకూ మధ్య అరగంట. ఆరు నెలల క్రితం మొదటి పరీక్షలో ఫర్హా పెదవులు రెండో గిన్నెకే ఉబ్బాయి.

మంచం పక్కన సూదిమందు సిద్ధంగా ఉంది, ఆక్సిజన్ ఉంది. నిసార్ అహ్మద్ గోడవారగా నిలబడ్డాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

మొదటి గిన్నె. రెండో గిన్నె. అరగంట. ఏమీ కాలేదు. మూడు. నాలుగు. ఫర్హా చెంచా నాకి, "ఇంక కొంచెం చక్కెర ఎయ్యాల్సింది," అంది. అయిదు. ఆరు. ఆ తర్వాత రెండు గంటలు గడిచాయి. పెదవులు, నాలుక, పొట్ట, బీపీ, అన్నీ మామూలే.

"అంటె పాసైనట్టా సార్?" అన్నాడు నిసార్ అహ్మద్, ఊపిరి బిగబట్టి.

"ఈ రోజు ఉత్త కస్టర్డ్ అయితే కాదండి. పల్లీ అయితే అయినట్టు."

"మరి ఏదో?"

"తెలీదండి."

"మీకు గూడ తెల్వదా?"

"దేవుడికీ నారాయణప్పకీ తెలుసు. ఇద్దరూ చెప్పరు."

నిసార్ అహ్మద్ నెత్తి మీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పరీక్ష రాసింది అది. ఫెయిలైతున్నది నేను," అన్నాడు.

గురువారం కూడా అవే గిన్నెలు. కానీ నిన్నటి ధైర్యం ఫర్హాలో లేదు. నిన్న ఏమీ కాలేదంటే నిన్నటిది ఉత్తదే అయ్యుంటుంది, ఇవాళే అసలుది అని రాత్రి ఇంట్లో తేల్చుకున్నారట. వాళ్ళమ్మ రషీదా తెల్లవారుజామునే లేచి నమాజులో కూర్చుందట. మొదటి గిన్నెను ఫర్హా మందు మింగినట్టు మింగింది. మూడో గిన్నెను కాసేపు చెంచాతో కెలికి గానీ నోట్లో పెట్టుకోలేదు. నాలుగో గిన్నె తిన్న అయిదు నిమిషాలకు వేలితో కింది పెదవి తాకింది.

"జివ్వుమంటున్నది," అంది.

నిసార్ అహ్మద్ గోడ నుంచి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. డాక్టర్ సుభాషిణి టార్చి వేసి నోరు చూసింది, ఛాతీ మీద స్టెత్ పెట్టి విన్నది, బీపీ చూసింది. పెదవి ఉబ్బలేదు. ఒంటిమీద దద్దుర్లు లేవు. గొంతు స్పష్టంగా ఉంది.

"ఆపేద్దామా? నీ ఇష్టమమ్మా. ఆపితే ఇక్కడితో అయిపోతుంది. ఆగి చూద్దామంటే ఇరవై నిమిషాలు చూద్దాం."

ఫర్హా తండ్రి వైపు చూసింది. వద్దు అనే మాట నిసార్ అహ్మద్ పెదవుల దాకా వచ్చిందని రత్నకుమార్‌కు కనపడుతూనే ఉంది. పదమూడేళ్ళుగా ఆ మాటే ఆ పిల్లను బతికించింది. అందుకే అది అంత సులువుగా వస్తుంది. కానీ అతను దాన్ని నోట్లోనే ఉంచుకున్నాడు. మెల్లగా వెనక్కి జరిగి, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు తెల్వదు బిడ్డా. నీ పెదవి నీకే తెలుస్తది," అన్నాడు.

"ఆగుదాం మేడమ్," అంది ఫర్హా.

ఇరవై నిమిషాలు. రత్నకుమార్ గడియారం వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి చూశాడు. కింద మెట్రో స్టేషన్లోంచి జనం వస్తున్నారు, పోతున్నారు. వాళ్ళెవరికీ ఈ పెదవి సంగతి తెలియదు. ఆ పిల్ల అక్కడ కూర్చుని ఒకటి, రెండు, మూడు అని ఊపిరి లెక్కపెట్టుకుంటోంది. పద్దెనిమిదో నిమిషానికి, "తగ్గింది," అంది.

అయిదో గిన్నె ఇచ్చారు. తినేసింది. ఆరో గిన్నె దగ్గర ఒక్కక్షణం ఆగి, "బిస్మిల్లా," అని, రెండు చెంచాల్లో ఖాళీ చేసి, గిన్నె బోర్లించి చూపించింది.

తర్వాతి రెండు గంటలు ఎలా గడిచాయో గానీ గడిచాయి. డాక్టరు ఆఖరుసారి పరీక్ష చేసి, "ఏమీ లేదు," అని సంతకం పెట్టింది. అప్పుడు గానీ నారాయణప్ప గదిలోంచి రాలేదు. సీలు వేసిన కవరు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజులూ ఎవరితో మాట్లాడకుండా అతను మాటలకు మొహం వాచి ఉన్నాడు.

డాక్టరు చింపి చదివింది. మరోసారి చదివింది. తర్వాత నవ్వింది. రత్నకుమార్ ఆమె దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ నవ్వు ఇదివరకు చూడలేదు.

"బుధవారమే పల్లీ. ఆరు గిన్నెలూ. ఈ రోజుది ఉత్త కస్టర్డ్."

అది తలకెక్కడానికి టైము పట్టింది.

"మరి నా పెదవి జివ్వుమన్నది గద మేడమ్?"

"అది భయం. భయానికి మా దగ్గర సూది లేదు. నిన్న రెండు నిండు పల్లీల దాకా తిన్నావు, తింటూ చక్కెర తక్కువైందన్నావు నువ్వు."

సుసన్న నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. నారాయణప్ప, "చక్కెర సరిగ్గానే వేసినాను," అన్నాడు కష్టంగా.

డాక్టరు మాత్రం వెంటనే గొంతు మార్చి చెప్పింది. ఇది పూర్తిగా నయమైనట్టు కాదు. పల్లీలు కావాలని తినకూడదు. ఎలర్జీ వస్తే పొడుచుకునే ఎపినెఫ్రిన్ సూది పెన్ను ఎప్పుడూ సంచిలోనే ఉండాలి. నీకు పడింది మందో నీళ్ళో ట్రయల్ ముగిశాకే తెలుస్తుంది. కానీ ఏది పడినా, ఎవరి చట్నీ గరిటో పొరపాటున నీ కంచంలో పడితే ఆ రోజు నీకు ఆఖరి రోజు కాదు. ఇది నేను రాసి ఇస్తాను.

నిసార్ అహ్మద్ ఇంటికి ఫోన్ కలిపాడు. అటు రషీదా హలో అనగానే, మీరే చెప్పండి అన్నట్టు సైగ చేశాడు. ఫోన్ రత్నకుమార్ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఫర్హా బాగుంది. పల్లీలు తింది. ఏమీ కాలేదు."

అటునుంచి ఆమె మెల్లగా అడిగింది. "ఎన్ని తిన్నది భాయ్?"

"రెండు."

"రెండు," అని ఆమె అటు ఎవరికో చెప్పింది. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు. ఆ గదిలో ఎంతమంది ఉన్నారో గానీ, రెండు, రెండు అనే మాట దూరం దూరంగా వినిపించింది. రత్నకుమార్ ఫోన్ కొంచెం చెవికి ఎడంగా పట్టుకుని, ఆ మాట ఇల్లంతా తిరిగేదాకా ఉంచాడు.

లిఫ్టు దగ్గర నిసార్ అహ్మద్ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. చూపు మాత్రం కూతురి మీదే ఉంది.

"దీని ముంగట కూసోని నేను మంచిగ ఒక ముద్ద తిని పదమూడేండ్లైంది సార్. ఎవని కంచంల ఏమున్నదో చూసుడే నా పని. ఇంక హైదరాబాదుల అది తింటుంటె నేనేం చెయ్యాలె?"

"మీరు ఏసీలు బాగుచేయండి అబ్బా," అంది ఫర్హా.

అతను నవ్వాడు. నవ్వుతూనే చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "సరే. ఆ హాస్టల్ ఫారం ఏడున్నది? ఆఖరు తారీఖు ఎన్నడు? ఇయ్యాలనే పంపుదాం."

ఫర్హా సంచి భుజం మీదికి సర్దుకుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలికి అడుగుపెట్టి, తండ్రికి కొంచెం దూరంగా, మూలకు నిలబడి చెప్పింది.

"నిన్ననే పంపిన అబ్బా."

"నిన్ననా? నిన్న ఇంక ఏం తేలకముందేనా?"

"ఆరు గిన్నెలు ఖాళీ చేసిన గద. ఉషారొచ్చింది. ఫెయిలైతె వాపస్ తీసుకుందామనుకున్న."

నిసార్ అహ్మద్ టోపీ సర్దుకున్నాడు. రత్నకుమార్ వైపు చూశాడు. లిఫ్టు తలుపు మూసుకుంటూండగా లోపలినుంచి అతని గొంతు వినిపించింది, అంతెత్తునేమీ కాదు, ఏసీ రిపేరు గురించి అడిగినంత మామూలుగా:

"అయితె ఆ హాస్టల్ల కిటికీలు ఎట్లుంటయో కనుక్కున్నవా? ఏసీ పట్టాలె గద."